ఆవర్తన పట్టిక గోడ చార్టు: రెండో అక్షరం సరిగ్గా ఉంది, ఎల్‌తోనే పెద్ద ఇబ్బంది

హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. తొమ్మిది, పది తరగతుల గది కోసం ఈ చార్టు ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఐదడుగుల వెడల్పు, ఫ్లెక్స్ మీద ప్రింటు, పైనా కిందా చెక్క పట్టీలు. ప్యాకింగ్ బాగుంది, ఎక్కడా మడత పడలేదు.

ఇలాంటి చార్టు కొనేటప్పుడు నేను ముందు చూసేది కోబాల్ట్ గడి. సీ క్యాపిటల్, ఓ స్మాల్ ఉండాలి. రెండూ క్యాపిటల్‌లో వేస్తే అది కోబాల్ట్ కాదు, కార్బన్, ఆక్సిజన్ కలిసిన కార్బన్ మోనాక్సైడ్. ఒకటి బ్యాటరీల్లో వాడే లోహం, ఇంకొకటి ప్రాణం తీసే వాయువు. చూడటానికి బాగుంటుందని సంకేతాలన్నీ క్యాపిటల్స్‌లో కొట్టేసిన చార్టులు కూడా అమ్ముతున్నారు. వాటిని ఊరికే ఇచ్చినా గోడకి తగిలించకండి. తెలుగు అక్షరాల్లో క్యాపిటల్, స్మాల్ తేడా లేదు. అందుకే మొదటి అక్షరం క్యాపిటల్, రెండోది స్మాల్ అనే ఈ నియమం మన పిల్లలకి రోజూ కళ్ల ముందు కనిపించాలి. కార్బన్ డయాక్సైడ్ రాస్తూ ఓ చిన్నది వేస్తే, కాగితం మీద మిగిలేది రెండు కోబాల్ట్ పరమాణువులు.

ఈ చార్టులో ఆ తప్పు ఒక్క గడిలో కూడా లేదు. అక్షరాలు నిటారుగా ఉన్నాయి, సంకేతం తర్వాత చుక్క లేదు. చివరి బెంచీకి కూడా కనిపించేంత లావుగా ఉన్నాయి.

నాకు బాగా నచ్చింది, పేరుకీ సంకేతానికీ పొంతన కుదరని 11 మూలకాల కింద పాత పేరు కూడా వేయడం. సోడియం కింద నేట్రియం, పొటాషియం కింద కేలియం, ఇనుము కింద ఫెర్రం, సీసం కింద ప్లంబం, పాదరసం కింద హైడ్రార్జిరం, టంగ్‌స్టన్ కింద వోల్‌ఫ్రాం. 'సోడియంకి ఎన్ఏ ఎందుకు సార్?' అని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. ఇప్పుడు జవాబు గోడ మీదే ఉంది. స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ 1813-14లో, మూలకాలకి అక్షరాలనే సంకేతాలుగా వాడే ఈ పద్ధతి తెచ్చాడు. అంతకుముందు ఇంగ్లండ్ శాస్త్రవేత్త డాల్టన్ వృత్తాలు గీసి, లోపల చుక్కలు, గీతలు పెట్టేవాడు. వాటిని రాయడమూ కష్టమే, అచ్చు వేయడమూ కష్టమే. బెర్జీలియస్ లాటిన్ పేరులోని మొదటి అక్షరం తీసుకున్నాడు. రెండు మూలకాలకి అదే అక్షరం వస్తే పేరులోంచి ఇంకో అక్షరం చేర్చాడు. ఈ సూత్రం చెప్పి మెగ్నీషియం, మాంగనీస్ గడులు చూపిస్తే పిల్లలకి వెంటనే అర్థమవుతుంది. ఇంగ్లీషులో రెండు పేర్లకీ మొదటి రెండు అక్షరాలు ఒకటే, మూడో అక్షరం దగ్గర విడిపోతాయి. అందుకే ఒకటి ఎంజీ, రెండోది ఎంఎన్.

ఇక లోపాలు. పెద్దది ఫాంటు. స్మాల్ ఎల్, క్యాపిటల్ ఐ రెండూ ఒకే నిలువు గీతలా ఉన్నాయి. అల్యూమినియం, క్లోరిన్, థాలియం, ఫ్లెరోవియం నాలుగింటికీ ఇదే బాధ. క్లోరిన్ గడి దూరం నుంచి చూస్తే కార్బన్ పక్కన అయోడిన్ పెట్టినట్టుంది. చార్టు చూసి రాసుకున్న పిల్లలు కొందరు నోట్సులో అడ్డగీతలతో సహా క్యాపిటల్ ఐ వేశారు. సంకేతాల చార్టుకి ఇది చిన్న విషయం కాదు. ఎల్ అడుగున చిన్న వంపు ఉన్న ఫాంటు వాడితే సరిపోయేది. ప్రస్తుతానికి నేనే మార్కర్‌తో ఆ వంపులు గీశాను.

రెండోది, కింద మూలన ఉన్న నమూనా గడి. ఎడమ పైన ద్రవ్యరాశి సంఖ్య, ఎడమ కింద పరమాణు సంఖ్య సరిగ్గానే వేశారు. కుడి పైన అయాన్ (విద్యుదావేశం ఉన్న కణం) ఆవేశాన్ని మాత్రం ప్లస్ తర్వాత 2గా వేశారు. అంకె ముందు, గుర్తు తర్వాత రావాలి. గుర్తు ముందు పెట్టి రాసేది ఆక్సీకరణ సంఖ్యని, అంటే సమ్మేళనంలో పరమాణువుకి లెక్కగట్టే ఆవేశాన్ని.

చివరి వరుస సరిగ్గా ఉంది. 2016లో పేర్లు ఖరారైన నిహోనియం, మాస్కోవియం, టెన్నెస్సిన్, ఒగనెస్సాన్ నాలుగూ ఉన్నాయి, యూయూటీ లాంటి తాత్కాలిక మూడక్షరాల సంకేతాలు లేవు. పాత స్టాకు అంటగట్టలేదని అక్కడే తెలుస్తుంది. కోపర్నీషియం సీఎన్ అనే ఉంది. మొదట దానికి సీపీ అని ప్రతిపాదించారు. ఆ రెండక్షరాలు ఒకప్పుడు ల్యుటీషియం అనే ఇంకో మూలకానికి, కాసియోపియం అనే పేరుతో, వాడినవి కావడంతో 2010లో సీఎన్ ఖాయం చేశారు. ఇలాంటివి చెబితే పిల్లలు చెవులు రిక్కిస్తారు. పట్టిక మొత్తంలో లేని ఇంగ్లీషు అక్షరాలు ఏవో వెతకమనండి, క్లాసంతా లేచి గోడ దగ్గరికి వస్తుంది. జే, క్యూ ఆ రెండే లేవు.

ఐదుకి నాలుగు స్టార్లు. తయారీదారులు ఇది చదివితే ఎల్ మార్చండి, ఆవేశం గుర్తు సరిచేయండి. అలా వస్తే ల్యాబ్ గదికి ఇంకొకటి కొంటాను.