కన్నూర్‌లో సీ వ్యూ గది మోసం, అరక్కల్ బీవీల దర్బారు

కేరళలోని కన్నూర్ వెళ్లేవాళ్లెవరైనా యాప్‌లో "సీ వ్యూ" అని చూసి డబ్బు కట్టకండి, ముందు ఫోన్ చేసి ఏ కిటికీలోంచి కనిపిస్తుందో అడగండి. రాత్రికి 2,800 తీసుకుని మాకిచ్చిన గది కిటికీ తెరిస్తే పక్కింటి నీళ్ల ట్యాంకు! ఇదేంటయ్యా అంటే, మేడ మీద నుంచి కనిపిస్తుంది సార్ అన్నాడు. మేడ తలుపుకి తాళం. ఏసీకి రోజుకి 400 అదనం అన్న ముక్క బిల్లు చేతిలో పెట్టేటప్పుడు చెప్పాడు. లిఫ్ట్ లేదు. మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్య మూడో అంతస్తు ఎక్కాక ఆ సాయంత్రమంతా మాతో మాట్లాడలేదు.

రైలు ప్రయాణం హాయిగా జరిగింది. సెయింట్ ఏంజెలో కోట కూడా బాగుంది. 1505లో పోర్చుగీసువాళ్లు మొదలుపెట్టారు, 1663లో డచ్చివాళ్లు లాక్కున్నారు, 1772లో ఇక్కడి అరక్కల్ రాజకుటుంబానికి అమ్మేశారు, 1790లో ఇంగ్లిషువాళ్లు పట్టుకున్నారు. జనం అక్కడ ఫొటోలు దిగి వెళ్లిపోతారు కానీ, అసలు చూడాల్సింది ఆ కోట కొన్నవాళ్ల ఇల్లు. కోట నుంచి ఆయిక్కర వైపు ఆటోకి 70 తీసుకున్నాడు, దర్బారు హాలే ఇప్పుడు మ్యూజియం.

కేరళలో ఏకైక ముస్లిం రాజకుటుంబం వీళ్లది. చేతిలో ఉన్న నేల కొంచెమే, బలమంతా ఓడలు, మిరియాలు, లక్షద్వీపాలు. గద్దె ఎవరికంటే ఇంట్లో వయసులో పెద్దవాళ్లకి, మగైతే అలీ రాజా, ఆడైతే అరక్కల్ బీవీ. ఇది వినగానే అత్తయ్య మౌనం వీడి "అయితే ఆడవాళ్లూ ఏలారన్నమాట" అన్నారు. ఏలడమే కాదు, 1777 నుంచి 1819 దాకా గద్దె మీదున్న జునుమ్మాబి ఇంగ్లిషువాళ్లతో యుద్ధం కూడా చేసింది.

అలాగని అంతా మంచి పాలన అనుకోకండి. దీవుల్లో కొబ్బరిపీచు తాడు వీళ్లకే అమ్మాలి, వీళ్లు చెప్పిన ధరకే, బదులుగా బియ్యం. ఒళ్లు మండిన అమిని దీవి వైపు జనం టిప్పు సుల్తాన్‌ని ఆశ్రయించారు, 1787లో ఆ దీవులు ఆయన చేతికెళ్లాయి. మిగిలిన వాటిని 1847 తుపాను దెబ్బకొట్టింది. సాయం పేరుతో ఈస్టిండియా కంపెనీ ఇచ్చిన అప్పు వడ్డీతో పెరుగుతూ పోయింది, చివరికి 1908 ఒప్పందంతో ఆ మిగిలిన దీవులు కూడా ఇంగ్లిషువాళ్ల చేతికి పోయాయి. దానికి ముట్టింది ఏడాదికి 23,000 రూపాయల మాలిఖానా, అంటే భరణం. మా ఆవిడ వెంటనే లెక్క కట్టింది: "ఏవండీ, ఆ డబ్బుతో మన లాడ్జిలో తొమ్మిది రాత్రులు కూడా ఉండలేం!"

మధ్యాహ్నం కైమా అనే సన్నటి పొట్టి బియ్యంతో చేసిన తలశ్శేరి బిర్యానీ తిన్నాం, ప్లేటు 220. మన దమ్ బిర్యానీ కారం ఆశిస్తే నిరాశే, కానీ నెయ్యి వాసనకి నేను రెండోసారి పెట్టించుకున్నాను, మా ఆవిడ మాత్రం ఆవకాయ సీసా బయటికి తీసింది. బస మాత్రం స్టేషన్ దగ్గర చూసుకోండి. సముద్రం ఆయిక్కర రేవులో ఎంతసేపైనా ఉచితంగా కనిపిస్తుంది.