ప్లంబర్ ట్రైనింగ్ అని ఫీజు కట్టించుకుంటున్నారు, నల్లగొండ, పాలమూరు వాళ్ళు జాగ్రత్త

ప్లంబింగ్ పని నేర్చుకుని నిలబడదామనుకునే అన్నలకు, తమ్ముళ్ళకు ఈ పోస్టు. నల్లగొండలో ఒక ప్రైవేటు ట్రైనింగ్ సెంటర్‌లో నేను 38 వేలు కట్టాను. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. ఇలాంటివాళ్ళ మాటతీరు ఎక్కడైనా ఒకటే, అందుకే జరిగింది కొంచెం వివరంగా చెబుతున్నా.

నేను బట్టల షాపులో సేల్స్‌మన్‌గా చేసేవాణ్ణి. ఏళ్ళు గడిచినా జీతం పెరగలేదు. మా వైపు ఏ కాలనీ చూసినా కొత్త ఇళ్ళు లేస్తున్నాయి, మంచి ప్లంబర్ కావాలంటే ఇంటివాళ్ళు రోజుల తరబడి ఎదురుచూస్తున్నారు. చేతిపని నేర్చుకోవాలన్న ఆలోచన ఇప్పటికీ సరైనదే. సెంటర్ వాళ్ళు చెప్పింది ఏమిటంటే, మూడు నెలల్లో పని మొత్తం వస్తుంది, కేంద్ర ప్రభుత్వ సర్టిఫికెట్ వస్తుంది, ఆ వెంటనే దుబాయ్‌లో ఉద్యోగం. ఆఫీసు గోడ నిండా ప్రభుత్వ పథకాల బొమ్మలు ఉన్నాయి.

క్లాసుల్లో ఎక్కువ భాగం జిరాక్స్ కాగితాలు చదివించడంతోనే సరిపోయింది. వర్క్‌షాప్ అని చూపించిన గదిలో పైపు బిగించి పట్టే బెంచ్ వైస్ ఒకటి, రెండు పైపు రెంచులు, ఒక డబ్బాలో పైపులు కలిపే ఫిట్టింగులు (ఎల్బోలు, టీలు, కప్లింగులు) ఉన్నాయి. సీపీవీసీ అనే ప్లాస్టిక్ పైపుకు సాల్వెంట్ (అతికించే జిగురు) రాసి అతికించడం సారు ఒకసారి చేసి చూపించాడు. మా చేత చేయించలేదు. ఒకసారి అతికిన ఫిట్టింగ్ మళ్ళీ పనికిరాదు, ఒక్కొక్కరి చేత చేయిస్తే సామాన్లకు ఖర్చవుతుంది, కారణం అదే. కానీ పైపు తిన్నగా కోయడం, కోసిన అంచు గీకి శుభ్రం చేయడం, సాల్వెంట్ ఆరకముందే ఫిట్టింగ్‌లోకి పూర్తిగా దించి కాసేపు కదలకుండా పట్టుకోవడం చేత్తో చేస్తేనే వస్తాయి. జీఐ (ఇనుప) పైపుకు మరలు వేసే డై సెట్ బీరువాలోంచి బయటికి రాలేదు. పీపీఆర్ అనే ప్లాస్టిక్ పైపులను వేడిచేసి అతికించే మిషన్ వచ్చే వారం వస్తుందని కోర్సు అయిపోయేదాకా చెప్పారు.

తర్వాత ఒక మేస్త్రీ దగ్గర పని అడిగాను. ఆయన సర్టిఫికెట్ వైపు చూడలేదు. వాల్ మిక్సర్‌కు (వేడినీళ్ళు, చన్నీళ్ళు కలిపి ఇచ్చే గోడ నల్లా) వేడినీళ్ళ పాయింటు, చన్నీళ్ళ పాయింటు మధ్య ఎంత దూరం పెడతావని అడిగాడు. నాతోపాటు వచ్చిన బ్యాచ్ పిల్లల్లో ఒక్కరూ చెప్పలేకపోయారు. ఆరు అంగుళాలు, వేడినీళ్ళది ఎడమవైపు. సైటులో మొదటి రోజే తెలిసే సంగతి ఇది. డ్రైనేజీ లైన్‌కు వాలు ఎంత ఇవ్వాలి, ట్రాపులో (డ్రైనేజీ పైపు దగ్గర నీళ్ళు నిలిచే వంపు) నీళ్ళు ఎందుకు నిలబడి ఉండాలి, ఆ నీళ్ళు లేకపోతే బాత్రూంలోకి వాసన ఎందుకు కొడుతుంది, ఇవన్నీ ఆ మేస్త్రీ దగ్గరే విన్నా. అన్నిటికంటే ముఖ్యం, టైల్స్ వేయకముందే లైన్‌కు ప్రెషర్ పెట్టి లీకేజీ చూసుకోవాలి. టైల్స్ పడ్డాక కారితే గోడ పగలగొట్టాల్సిందే, ఇంటి ఓనరు ఆ ఖర్చు ప్లంబర్ నెత్తినే వేస్తాడు. అంత పెద్ద విషయం మా సెంటర్‌లో ఎవరూ ఎత్తలేదంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

అందుకే చెబుతున్నా, ఎక్కడ చేరాలనుకున్నా ముందు వర్క్‌షాప్ తెరిపించి చూడండి. బ్యాచ్ నడుస్తున్నప్పుడే వెళ్ళండి. పిల్లల చేతుల్లో పైపు ఉందా, నోటుబుక్కు ఉందా చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. పాత బ్యాచ్ వాళ్ళ ఇద్దరి నంబర్లు అడగండి. ఇవ్వకపోతే పైసలు కట్టకండి.

ఇక సర్టిఫికెట్. మాకు ఇచ్చినది ఆ సెంటర్ సొంతంగా ప్రింట్ చేసుకున్న కాగితం. దాని మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వాళ్ళ వెబ్‌సైటే తెరుచుకుంటుంది. ఐటీఐలో ప్లంబర్ ట్రేడ్ ఏడాది కోర్సు, చివర్లో ఆలిండియా ట్రేడ్ టెస్ట్ పాసైతే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తుంది. ఆ నంబరు ప్రభుత్వ పోర్టల్‌లో సరిచూసుకోవచ్చు. తక్కువ రోజుల స్కిల్ కోర్సులైతే బయటి అసెసర్ వచ్చి పరీక్ష పెట్టాలి. పాఠం చెప్పినవాళ్ళే పరీక్ష పెట్టి, వాళ్ళే సంతకం చేసిస్తే అది ప్రభుత్వ సర్టిఫికెట్ కాదు. ఇంకో మాట, 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద నేర్చుకునేవాళ్ళ దగ్గర ఫీజు తీసుకోరు. ఆ పథకం పేరు చెప్పి వేలకు వేలు అడిగితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

దుబాయ్ సంగతి పాలమూరు తమ్ముళ్ళు మరీ జాగ్రత్తగా వినాలి. కోర్సు చివర్లో వీసా ఖర్చులని ఇంకో 60 వేలు అడిగారు. నేను కట్టలేదు, కట్టినవాళ్ళు ఇంకా ఎదురుచూస్తున్నారు. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటుకు కేంద్ర విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉండాలి. సర్వీసు ఛార్జీ 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు, రసీదు ఇవ్వాలి. ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఉందో లేదో ఫోన్‌లోనే చూసుకోవచ్చు. విజిట్ వీసా మీద పంపి అక్కడ మార్పిస్తామంటే అస్సలు ఒప్పుకోవద్దు. విదేశీ ఉద్యోగాలకు పంపడానికి మన రాష్ట్ర ప్రభుత్వానికే టామ్‌కామ్ అనే సంస్థ ఉంది, గల్ఫ్ ఆలోచన ఉన్నవాళ్ళు ముందు అక్కడ అడగండి.

పైసలు లేకుండా నేర్చుకునే దారి కూడా ఉంది, ఇది ఎవరూ చెప్పరు. గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ, అందరూ ఆర్‌సెటి అంటారు, బ్యాంకులు నడిపేది. నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ ఉంది. శిక్షణ, భోజనం, వసతి ఉచితం. ప్లంబింగ్ బ్యాచ్ ఏడాది పొడవునా నడవదు, ముందే వెళ్ళి పేరు రాయించి పెట్టుకోవాలి. నెల రోజుల శిక్షణతో ఎవరూ పూర్తి ప్లంబర్ కారు, అది కూడా నిజం. ఆ తర్వాత ఒక మంచి మేస్త్రీ దగ్గర హెల్పర్‌గా కొంతకాలం చేయాలి. కూలి తక్కువైనా పైసలు ఎదురు వస్తాయి, మనం కట్టేది ఉండదు. నేనిప్పుడు చేస్తున్నది అదే.

ఫీజు తిరిగి ఇవ్వమంటే, ఫారం వెనక చిన్న అక్షరాల్లో ఉన్న "కట్టిన ఫీజు వాపసు ఇవ్వబడదు" అన్న లైను చూపించారు. రసీదు తెల్ల కాగితం మీద రాసిచ్చారు, అందులో కోర్సు పేరు కూడా లేదు. మీరైతే కోర్సు పేరు, ఎన్ని గంటలు, సర్టిఫికెట్ ఎవరిస్తారు, ఉద్యోగం చూపిస్తామన్న మాట, అన్నీ రసీదు మీదో లెటర్‌హెడ్ మీదో రాయించుకోండి. రాసివ్వడానికి వెనకాడితే అర్థం చేసుకోండి. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయించి, పోలీస్ స్టేషన్‌లో కూడా కాగితం ఇచ్చాను.

ఇదే మోసం జరిగినవాళ్ళు, ముఖ్యంగా మా బ్యాచ్ వాళ్ళు, భయపడి ఊరుకోకండి. ఫోన్‌పేలో పైసలు పంపిన చరిత్ర, వాట్సాప్‌లో వాళ్ళు పెట్టిన మెసేజీలు, ఉద్యోగం ఇప్పిస్తామన్న పాంప్లెట్ డిలీట్ చేయకుండా దాచండి. ఇంట్లో తెలిస్తే తిడతారని ఇద్దరు తమ్ముళ్ళు ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదని నాకు తెలుసు. మీ పేర్లు బయటికి రావు, కాగితాలు తీసుకుని నాకు మెసేజ్ చేయండి, అందరం కలిసి స్టేషన్‌కు పోదాం.