రాణీగంజ్‌లో కొన్న రెండు కాళ్ళ పుల్లర్: నాలుగేళ్ళ తర్వాత

మా నాన్న ప్రీమియర్ పద్మిని మలక్‌పేటలో రేకుల షెడ్డు కింద పదకొండేళ్ళు నిలబడిపోయింది. బాగుచేయడానికి కూర్చుంటే ఇంజనుకన్నా స్టీరింగే ఎక్కువ ఏడిపించింది. హార్న్ బటన్ వచ్చింది, నట్టు వదిలింది, స్టీరింగ్ చక్రం మాత్రం షాఫ్టు పళ్ళకు తుప్పుతో అతుక్కుపోయి కదల్లేదు. పిలిచిన మెకానిక్ షాఫ్టు కొస మీద సుత్తితో రెండు దెబ్బలు వేయగానే ఆపేయమన్నాను. ఆ దెబ్బకు మరలు నలుగుతాయి, కింద స్టీరింగ్ బాక్సులో బేరింగుల దాకా అదురు పోతుంది.

అప్పుడు కొన్నాను ఈ పుల్లర్. రెండు కాళ్ళు చక్రాన్ని వెనకనుంచి పట్టుకుంటాయి, నడిమి బోల్టు బిగిస్తే అది షాఫ్టు కొసను నెడుతూ చక్రాన్ని బయటికి లాగుతుంది. దీని నడిమి బోల్టు మర చాలా సన్నది, నాకు ప్రాణం అదే. పానాతో పావు చుట్టు తిప్పితే లాగుడు కొంచెమే పెరుగుతుంది, ఎక్కడ ఆపితే అక్కడే నిలుస్తుంది. బిగువు అలాగే ఉంచి, తుప్పు వదిలించే నూనె పోసి, రాత్రంతా వదిలేశాను. పొద్దున ఇంకో పావు చుట్టు తిప్పానో లేదో, టపాసు పేలినట్టు చప్పుడు. వంటింట్లోంచి అమ్మ పరుగెత్తుకొచ్చింది. నట్టును పూర్తిగా తీయకుండా రెండు మరల మీద ఉంచాను కాబట్టి చక్రం నా మొహం మీదికి రాలేదు. ముందే షాఫ్టుకూ చక్రానికీ పంచ్‌తో గుర్తు కొట్టడం వల్ల తిరిగి బిగించినప్పుడు ఒక్క పన్ను కూడా తేడా రాలేదు.

ఆ సంతోషంలో, ఇది ఉంటే సుత్తే అక్కర్లేదని కనిపించినవాళ్ళందరికీ చెప్పాను. మా బావగారి అంబాసిడర్ దగ్గర ఆ మాట నిలవలేదు. పూర్తి బిగువులో బోల్టు తల మీద చిన్నగా తట్టాకే వదిలింది. పైగా కాళ్ళ కొనలు లావు. చక్రం వెనక సందులో లోపలి ఇనుముకు అందక ప్లాస్టిక్‌ను పట్టాయి, అంచు పెచ్చు లేచింది. ఎపాక్సీతో పూడ్చి రంగు వేశాను, బావగారు ఏమీ అనలేదు గానీ నాకు ఇప్పటికీ అది కనిపిస్తూనే ఉంటుంది. తర్వాత లేత్ షాపులో కొనలు సన్నగా అరగదీయించాను.

నాకు ఏడాదికో పని, రాత్రంతా ఆగే తీరిక ఉంది, కాబట్టి మళ్ళీ కొనమన్నా ఇదే కొంటాను. చక్రం మధ్యలో మర రంధ్రాలున్న బండయితే వాటిలో బోల్టులు దిగే పుల్లరే వాడండి, ఇది వద్దు. రోజూ బండ్లు విప్పే షెడ్డులో ఇది ఎన్నాళ్ళు ఆగుతుందో నేను మాటివ్వలేను.