డబ్బా ముందు కన్ను బొమ్మ, వెనకాల బీటా కెరోటిన్

నాన్నకి 71 ఏళ్లు. కిటికీ కమ్మీలు మధ్యలో వంగినట్టు కనిపిస్తున్నాయిరా అంటే పరుగున ఆస్పత్రికి తీసుకెళ్లాం, వయసుతో వచ్చే మాక్యులా జబ్బు అన్నారు, అంటే కంటి వెనకుండే రెటీనా అనే పొర మధ్యభాగం పాడవడం. కుడి కంటికి ఇంజెక్షన్లు మొదలయ్యాయి. ఎడమ కన్ను ఇంకా అంతదాకా రాలేదు, రెటీనా కింద డ్రూసెన్ అనే పసుపు మచ్చలున్నాయంతే, అదీ కుడిదాని దారి పట్టకుండా ఆరెడ్స్2 ఫార్ములా మాత్రలు (అమెరికాలో పరీక్షించి తేల్చిన విటమిన్లు, జింక్ వగైరాల మిశ్రమం) వాడమని చీటీ రాశారు. ఈ రివ్యూ ఆ పేరు చెప్పి మెడికల్ షాపులో మా చేతిలో పెట్టినదాని గురించి. కంపెనీ పేరు రాయను.

ముందువైపు పెద్ద కన్ను బొమ్మ, పక్కన క్యారెట్. పది క్యాప్సూల్స్ 340 రూపాయలు. నెల రోజులు వేసుకున్నాక ఎందుకో వెనకవైపు చూశాను. ఆ అక్షరాలు నాకే ఫోన్ కెమెరాలో జూమ్ చేస్తే గానీ కనబడలేదు, అమ్మేది చూపు తగ్గినవాళ్లకి మరి! అసలు ఫార్ములాలో ఆకుకూరల్లో దొరికే పసుపు పదార్థాలు లూటీన్ 10 మిల్లీగ్రాములు, జియాజాంథిన్ 2, వాటితో విటమిన్ సి 500 ఉండాలి. ఇందులో లూటీన్ 5, జియాజాంథిన్ 1, విటమిన్ సి 60. వాటి కింద బీటా కెరోటిన్, క్యారెట్‌కి ఆ రంగునిచ్చే పదార్థం. గుండె జారిపోయింది.

ఎందుకంటే నాన్న ముప్పై ఏళ్లు చుట్ట కాల్చిన మనిషి, మానేసి పన్నెండేళ్లయింది. అమెరికా నేషనల్ ఐ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల మొదటి ఫార్ములాలో బీటా కెరోటిన్ ఉండేది, దానితో జబ్బు ముదిరే ప్రమాదం ఐదేళ్లలో పాతిక శాతం దాకా తగ్గిందని 2001లో చెప్పారు. కానీ పొగ తాగేవాళ్లకి అది ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రమాదాన్ని పెంచుతుందని తేలడంతో రెండో విడతలో దాని బదులు లూటీన్, జియాజాంథిన్ పెట్టి చూశారు, 2013లో వచ్చిన ఆ ఫలితమే ఆరెడ్స్2. మానేసినవాళ్లకి కూడా ఆ రిస్కు ఉందని అందులోనే బయటపడింది. అంటే పదేళ్ల కిందటే తీసేయమన్న సరుకు నాన్న రోజూ భోజనం చేసి మరీ మింగుతున్నాడు.

ఆ మాటకొస్తే కంటి జబ్బుకీ చుట్టకీ లంకె ఉందని మన దగ్గరే తేల్చారు. ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి వాళ్లు 1996 నుంచి 2000 దాకా హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్‌లలో పదివేల మందికి పైగా కళ్లు చూశారు, గతంలో చుట్ట కాల్చినవాళ్లలో మాక్యులా జబ్బు దాదాపు మూడింతలు కనిపించింది. ఇది చెప్తే నాన్న, "మా నాయన చచ్చేదాకా కాల్చాడు, ఆయనకేం రాలేదే" అన్నాడు. అమ్మ వంటింట్లోంచి, "మామయ్యగారు చివర్లో గొంతు వింటే గానీ మనిషిని పోల్చుకునేవారు కాదు, మర్చిపోయారా" అంది. అప్పట్లో అందరం ముసలితనం అనుకున్నాం. ఈ జబ్బులో జన్యువుల పాత్ర కూడా ఉంది, 2005లో సీఎఫ్‌హెచ్ అనే జన్యువులో తేడా పట్టుకున్నారు.

షాపతను "సేమ్ కాంబినేషన్ సార్, కంటికి మంచిదే కదా" అన్నాడు. విప్పిన డబ్బా వెనక్కి తీసుకోనన్నాడు. ఇప్పుడు వేరేచోట సరైనవి కొంటున్నాం, ధర ఎక్కువే, జింక్ 80 మిల్లీగ్రాములు కాబట్టి పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పేస్తుంది, తిన్నాకే వేసుకోవాలి. కళ్లు బాగున్నవాళ్లు ముందుజాగ్రత్తగా మింగడానికి మాత్రం ఇవి కావు, మచ్చలు మధ్యస్థాయికి వచ్చాకో, ఒక కంట్లో జబ్బు ముదిరాకో డాక్టర్ చెప్తేనే.

మిగిలిన పాత స్ట్రిప్పులు రెండు ఫ్రిజ్ మీద ఉన్నాయి. పక్కింటి పిన్నిగారు "నా శుక్లానికి పనికొస్తాయేమో ఇవ్వరాదూ" అన్నారు. అసలైన ఆరెడ్స్2 మాత్రలకే శుక్లం ఆపరేషన్ తప్పలేదండీ, ఇవెందుకు మీకు అన్నాను. బాబాయిగారు బీడీలు కాలుస్తారని తెలుసు కాబట్టి, ఆవిడ వెళ్లాక రెండూ తీసి చెత్తబుట్టలో పడేశాను.