గ్లాస్గోలో అయిదు రోజులు: వరల్డ్‌కాన్‌లో బస, దారి, భోజనం, సభ

2024 ఆగస్టు 8 నుంచి 12 వరకు స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరంలో 82వ ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సభ జరిగింది. అభిమానులు దీన్ని వరల్డ్‌కాన్ అని పిలుచుకుంటారు. ఏళ్ల తరబడి హైదరాబాదులో కూర్చుని అక్కడి వార్తలు చదువుకోవడమే తప్ప ఎన్నడూ వెళ్లని నేను ఈసారి సెలవు పెట్టుకుని, డబ్బు కూడబెట్టుకుని వెళ్లివచ్చాను. బయలుదేరే ముందు నాకు కావలసిన సమాచారం, అంటే ఎక్కడ దిగితే మేలు, రాత్రి పొద్దుపోయాక తిరిగి రావడం ఎలా, శాకాహారికి ఏం దొరుకుతుంది, ఏ కార్యక్రమానికి ఎంత ముందు వెళ్లాలి అన్న సంగతులు, తెలుగులో నాకు దొరకలేదు. నాలాంటి పాఠకులు మరికొందరు ఉంటారన్న నమ్మకంతో ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం తెలుసుకోవాలి. ఇక్కడ మనం కొనుక్కునేది టికెట్టు కాదు, సభ్యత్వం. 1939లో న్యూయార్కులో మొదలై, యుద్ధం వల్ల 1942 నుంచి 1945 వరకు ఆగి, తిరిగి ఏటా జరుగుతూ వస్తున్న ఈ సభకు శాశ్వతమైన ఊరు లేదు. ఏ ఏటికి ఆ ఏడు ఒక నగరంలోని అభిమానులు ముందుకు వచ్చి, మిగతా సభ్యుల ఓట్లు సంపాదించి, జీతం భత్యం లేకుండా పని నెత్తిన వేసుకుంటారు. గ్లాస్గోలో ఇదే ప్రాంగణంలో 1995లోనూ 2005లోనూ సభలు జరిగాయి. మా ఊళ్లో పెళ్లిళ్లకు వంటవాళ్లను మాత్రమే బయటినుంచి పిలిచి, మిగిలిన పనంతా చుట్టాలే పంచుకునేవారు. వరల్డ్‌కాన్‌ను కూడా ఆ లెక్కలోనే చూడాలి. ఈ సంగతి నాకు రెండో రోజుకు గాని పూర్తిగా అర్థం కాలేదు. ముందే అర్థమై ఉంటే బసను వేరే విధంగా ఎంచుకునేవాణ్ని.

నేను హైదరాబాదు నుంచి దుబాయి మీదుగా నేరుగా గ్లాస్గో విమానాశ్రయంలో దిగాను. లండన్‌లో దిగి రైలు పట్టుకోవడం కంటే ఇది సులువు. విమానాశ్రయం నుంచి ఊళ్లోకి 500 నంబరు బస్సు ఉంది. సభ జరిగిన స్కాటిష్ ఈవెంట్ క్యాంపస్ క్లైడ్ నది ఒడ్డున ఉంటుంది. సెంట్రల్ స్టేషనులో కింది అంతస్తు ప్లాట్‌ఫారాలకు దిగి రైలెక్కితే ఆండర్‌స్టన్ తరువాత వచ్చేదే ఎగ్జిబిషన్ సెంటర్ స్టేషను. అక్కడినుంచి పైకప్పు వేసిన నడక వంతెన ఒకటి నేరుగా ప్రాంగణం దాకా తీసుకుపోతుంది. ఆగస్టులో కూడా చెప్పాపెట్టకుండా వాన కురిసే ఊరు కాబట్టి ఆ వంతెన విలువ మొదటి పూటే తెలిసింది. 1896లో మొదలైన గ్లాస్గో సబ్‌వే పదిహేను స్టేషన్లతో గుండ్రంగా తిరిగే చిన్న భూగర్భ రైలు మార్గం. ఒకసారి ఎక్కి చూడదగినదే గాని, సభాస్థలికి ఆనుకుని దాని స్టేషను లేదు.

ఇక బస. నేను చేసిన పొరపాటు ఇక్కడే ఉంది. విశ్వవిద్యాలయం ఉన్న పడమటి పేట అందంగా ఉంటుందని, రాత్రికి దాదాపు 30 పౌండ్లు ఆదా అవుతాయని, అక్కడ ఒక అతిథి గృహంలో గది తీసుకున్నాను. ఎర్ర ఇసుకరాతితో కట్టిన పాతకాలపు భవనం చూడముచ్చటగానే ఉంది. గది మాత్రం నాలుగో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. ఆ సంగతి బుకింగ్ సమయంలో ఎక్కడా చెప్పలేదు. ఇరవై మూడు కిలోల పెట్టెను అరిగిపోయిన రాతిమెట్ల మీదుగా మోసుకుంటూ, మలుపు మలుపుకీ ఆగి ఊపిరి తీసుకుంటూ ఎక్కాను. యజమానిని అడిగితే ఈ ఊళ్లో పాత ఇళ్లన్నీ ఇంతేనని చెప్పి ఊరుకున్నారు. అయినా మెట్ల కంటే దూరమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. సభ నుంచి గదికి నడిచి వెళ్లడానికి ముప్పై అయిదు నిమిషాలు పట్టేది. మధ్యాహ్నం ఒక గంట నడుము వాల్చి, తిరిగి సాయంత్రం కార్యక్రమానికి రావడం కుదరలేదు. రాత్రి పది తరువాతే అసలైన కబుర్లు మొదలవుతాయి; మొదటి రెండు రాత్రులూ సరిగ్గా ఆ వేళకే నేను లేచి బయలుదేరవలసి వచ్చింది.

మూడో రోజు ఉదయం కట్టిన డబ్బులో కొంత వదులుకుని నదికి అవతలి ఒడ్డున పసిఫిక్ కీ అనే చోటికి మారాను. అక్కడ మధ్యతరగతికి అందుబాటులో ఉండే పెద్ద హోటళ్లున్నాయి. బెల్స్ బ్రిడ్జ్ అనే కాలినడక వంతెన దాటితే ప్రాంగణం వచ్చేస్తుంది. నా గది చిన్నదే, కిటికీలోంచి కార్లు నిలిపే స్థలం తప్ప మరేమీ కనిపించదు. అయినా తరువాతి మూడు రోజులు నాకు దక్కిన సభ, మొదటి రెండు రోజులు దక్కిన సభ ఒకటి కావు. ప్రాంగణానికి ఆనుకుని ఉన్న క్రౌన్ ప్లాజా హోటలులో గది దొరికినవారికి ఇంకా సుఖం. కొన్ని చర్చలు ఆ హోటలు గదుల్లోనే జరిగాయి. దాని ధర ఎక్కువ, పైగా సభ్యుల కోసం గదులు కేటాయించిన తొలి రోజుల్లోనే త్వరపడాలి. ఇద్దరు స్నేహితులు కలిసి వెళ్తే మాత్రం ఊరి అందాల కోసం దూరం పోకుండా అక్కడే ఒక గది పంచుకోవడం మంచిదని నా అభిప్రాయం.

భోజనం గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. ప్రాంగణంలో కాఫీ, శాండ్‌విచ్ వంటివి దొరుకుతాయి, మధ్యాహ్నం వరుసలు పొడుగ్గా ఉంటాయి. పావుగంట నడిస్తే ఫిన్నిస్టన్ పేటలో ఆర్గైల్ వీధి పొడవునా భోజనశాలలున్నాయి, శాకాహారం అడిగితే విచిత్రంగా చూసేవాళ్లు లేరు. కుళాయి నీళ్లు నిస్సంకోచంగా తాగవచ్చు, ఖాళీ సీసా వెంట ఉంటే చాలు. మూడో రోజు రాత్రి పెరుగు కోసం ఒక చిన్న దుకాణానికి వెళ్తే, బిల్లు వేస్తున్న కుర్రాడు నా ఫోను సంభాషణ విని "అన్నా, మీది తెలుగేనా?" అని అడిగాడు. ఖమ్మం నుంచి ఎమ్మెస్సీ చదవడానికి వచ్చాడట. నా బ్యాడ్జీకి కింద వేలాడుతున్న రంగురంగుల రిబ్బన్లు పట్టుకుని చూసి, "ఇవేంటన్నా, మెడల్సా?" అన్నాడు.

మెడల్స్ కావు. వరల్డ్‌కాన్‌లో ఒకరికొకరు ఇచ్చుకునే చిన్న పట్టీలవి. ఒక్కొక్కటి చిటికెన వేలంత పొడవుంటుంది, పైఅంచున జిగురు ఉంటుంది. ఏదో ఒక నగరం పేరో, ఒక క్లబ్బు పేరో, "నేను మొదటిసారి వచ్చాను" అన్న మాటో బంగారు అక్షరాలతో అచ్చువేసి ఉంటుంది. ఒకదాని కింద ఒకటి అంటించుకుంటూ పోతే చివరి రోజుకు కొందరికి నడుము దాకా జారుతుంది. అవి ఎక్కడా అమ్మరు. ఇచ్చేవారితో నాలుగు మాటలు మాట్లాడితేనే వస్తాయి. కొత్తవాళ్లు బెరుకు వదలడానికి ఇంతకంటే మంచి ఉపాయం నేనెక్కడా చూడలేదు. నాకు వచ్చిన తొమ్మిదింటిలో ఒకటి, 1995 సభకు విద్యార్థినిగా వచ్చి ఈసారి నమోదు బల్ల దగ్గర పనిచేస్తున్న ఒక పెద్దావిడ ఇచ్చినది. తెలుగులో సైన్స్ ఫిక్షన్ ఉందా అని ఆమె అడిగితే, సింగీతం శ్రీనివాసరావుగారు 1991లోనే కాలయంత్రం మీద 'ఆదిత్య 369' అనే సినిమా తీశారని, మా ఊళ్లో చిన్నపిల్లలు కూడా ఆ కథ చెప్పగలరని చెప్పాను. ఆమె ఆ పేరు అక్షరాలు అడిగి మరీ రాసుకున్నారు.

చర్చల విషయానికి వస్తే, ఒకే గంటలో పదుల సంఖ్యలో కార్యక్రమాలు జరుగుతాయి కాబట్టి అన్నీ చూడాలన్న ఆశ మొదటి రోజే వదులుకోవాలి. చిన్న గదులు త్వరగా నిండుతాయి, నిండాక లోపలికి పంపరు, అందుకే కనీసం ఇరవై నిమిషాలు ముందు ఉండాలి. గౌరవ అతిథులుగా రచయితలు కెన్ మెక్‌లియోడ్, నెడి ఒకోరాఫోర్, టెరి విండ్లింగ్, చిత్రకారుడు క్రిస్ బేకర్‌లను పిలిచారు. ప్రత్యేక అతిథుల్లో స్కాట్లండ్ ఆస్థాన ఖగోళశాస్త్రవేత్త క్యాథరిన్ హేమన్స్ ఉన్నారు. నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది మరో ఇద్దరు గౌరవ అతిథుల ఎంపిక. క్లెయిర్ బ్రయలీ, మార్క్ ప్లమర్ నవలలు రాసి పేరు తెచ్చుకున్నవారు కారు. పాఠకులు, అభిమానుల పత్రికను ఏళ్లపాటు ప్రచురిస్తూ వచ్చిన జంట. ఒక పాఠకుణ్ని రచయితతో సమానంగా వేదిక మీద కూర్చోబెట్టే సాహిత్య సభలు మన దగ్గర ఎన్ని ఉన్నాయని ఆ రోజంతా ఆలోచిస్తూనే ఉన్నాను. అలాంటి ఒక పత్రిక పాత సంచిక నాకూ దొరికింది. మామూలు కాగితం, వెన్నులో రెండు పిన్నులు, సగం పుటల్లో గత సంచికపై వచ్చిన పాఠకుల ఉత్తరాలు, ఒక్కొక్క ఉత్తరం కింద సంపాదకుల జవాబు. మా నాన్నగారి తరం లిఖిత పత్రికలు గుర్తుకు వచ్చాయి.

నాలుగో రోజు పొద్దున రెండు గంటలు నేనూ వాలంటీరుగా పనిచేశాను. పని అంటే ఒక గది తలుపు దగ్గర నిలబడి వచ్చినవారిని లెక్కపెట్టడం, చక్రాల కుర్చీల కోసం విడిచిన చోట మరెవరూ కూర్చోకుండా చూడటం, వక్తలకు నీళ్లు అందించడం. ఇంతే. కాని ఆ తరువాత కారిడార్లో నడుస్తుంటే పేరు పెట్టి పలకరించేవాళ్లు పదిమంది తయారయ్యారు. మొదటిసారి వెళ్లేవారికి నేనిచ్చే సలహా ఒక్కటే అయితే, మొదటి రోజునే ఈ పనికి పేరు ఇవ్వమని చెబుతాను.

ఆగస్టు 11 రాత్రి, సైన్స్ ఫిక్షన్ రంగంలో ఏటా ఇచ్చే హ్యూగో పురస్కారాల ప్రదానం. అది జరిగిన సభాభవనం పేరు ఆర్మడిల్లో; 1997లో తెరుచుకున్న ఆ భవనం నిజంగానే ఆ పేరుగల జంతువు ముడుచుకున్నప్పటి పొలుసుల్లా ఉంటుంది. లోపల మూడు వేలమంది పడతారు. ఈ పురస్కారాన్ని సభ్యులే నామినేట్ చేసి, ప్రాధాన్య క్రమంలో ఓటు వేసి నిర్ణయిస్తారు. అందుకే దాని మీద నమ్మకం దెబ్బతింటే అందరికీ నొప్పి. 2023లో చైనాలోని చెంగ్డులో జరిగిన సభ తాలూకు లెక్కలు 2024 జనవరిలో బయటపడినప్పుడు, సరైన కారణం చూపకుండా కొందరిని అనర్హులుగా తీసివేసినట్టు తెలిసింది. ఆ నేపథ్యంలో గ్లాస్గో నిర్వాహకులు జూలైలోనే 377 ఓట్లు చెల్లవని గుర్తించి, ఆ మాట బహిరంగంగా ప్రకటించారు. చెంగ్డులో అనర్హుడిగా పక్కన పెట్టిన పాల్ వైమర్ పేరు ఈసారి ఉత్తమ అభిమాన రచయితగా, అంటే అభిమానిగా ఉంటూ ఈ సాహిత్యం గురించి రాసేవారిలో ఉత్తముడిగా, వినిపించినప్పుడు నా కళ్లు చెమర్చాయి. ఉత్తమ నవల పురస్కారం ఎమిలీ టెష్‌కు దక్కింది. 2000 నుంచి వాలంటీర్లే నడుపుతున్న స్ట్రేంజ్ హొరైజన్స్ పత్రిక ఎన్నో ఏళ్లు నామినేషన్ దగ్గరే ఆగిపోయి, చివరికి ఇక్కడ గెలిచింది. గౌతమ్ భాటియా వంటి భారతీయులు దాని సంపాదక వర్గంలో పనిచేశారు కాబట్టి ఆ చప్పట్లలో మన వాటా కూడా ఉందని అనిపించింది.

ఒక పూట ఖాళీ చేసుకుని కెల్విన్‌గ్రోవ్ మ్యూజియానికి వెళ్లాను. ప్రవేశం ఉచితం. పైకప్పు నుంచి వేలాడే స్పిట్‌ఫైర్ విమానం కింద చర్మంలో కూర్పు నింపి భద్రపరిచిన నిజమైన ఏనుగు నిలబడి ఉంటుంది. సభాస్థలి నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరమే.

అంత దూరం వెళ్లలేనివారికి రెండు మార్గాలున్నాయి. గ్లాస్గో సభలో చాలా చర్చలను ఆన్‌లైన్ సభ్యులు ఇంటినుంచే చూశారు. ఆగస్టులో అక్కడికీ మనకూ నాలుగున్నర గంటలే తేడా కాబట్టి అక్కడి ఉదయపు చర్చలు మనకు మధ్యాహ్నం భోజనం వేళకు పడతాయి. ఇక బ్రిటన్‌లో చదువుకుంటున్న మన పిల్లలకు ఏటా ఈస్టర్ సెలవుల్లో అక్కడే జరిగే ఈస్టర్‌కాన్ అనే సైన్స్ ఫిక్షన్ సభ ఉంది; అది ఇంతకంటే చిన్నది, ఖర్చు తక్కువ, పలకరింపులు ఎక్కువ. దుకాణంలోని ఖమ్మం కుర్రాడికి ఇదే చెప్పి, నాకు రెండు ప్రతులు దొరికిన ఒక ఉచిత పుస్తకంలో ఒక ప్రతి ఇచ్చి వచ్చాను.

2026 సభ ఎక్కడ జరగాలన్న ఓటింగు గ్లాస్గోలోనే జరిగింది. లాస్ ఏంజెలెస్ అభిమానుల పక్షం గెలిచింది. సభ 2026 ఆగస్టు 27 నుంచి 31 వరకు డిస్నీలాండ్ ఉన్న అనాహైమ్‌లో. ఆ ఓటు వేయడానికి నేను కట్టిన రుసుమే ఆ సభకు నా ప్రాథమిక సభ్యత్వంగా మారింది. ప్రత్యక్షంగా హాజరు కావాలంటే మరికొంత కట్టాలి. మా పిన్ని కూతురు అక్కడికి గంట దూరంలో ఉంటోంది, మా ఇంట్లోనే దిగమని ఇప్పటికే రెండుసార్లు ఫోను చేసింది. సభ జరిగే అయిదు రోజులూ పక్క వీధి హోటల్లోనే ఉంటానని, ముగిశాక వారం రోజులు తన ఇంట్లో గడుపుతానని ఆమెను ఒప్పించాను.