ఏడేళ్లు, నాలుగు మడత కత్తులు: తోట పనికి చివరికి జేబులో మిగిలింది ఏది

ఇప్పుడు నా జేబులో ఉన్నది ఒపినెల్ అనే ఫ్రెంచ్ కంపెనీ మడత కత్తి, నంబర్ 8, స్టెయిన్‌లెస్ రకం. ఐదేళ్లుగా అదే. దానికి ముందు రెండేళ్లలో మూడు కత్తులు మార్చాను, మూడింటితోనూ ఏదో ఒక చిక్కు వచ్చింది, ఆ చిక్కులన్నీ చెబితేనే ఇది ఎందుకు నిలిచిందో అర్థమవుతుంది. చాలామంది ముందు స్టీల్ గురించి అడుగుతారు. నేనైతే అసలు ఆ కత్తితో రోజూ ఏం కోస్తున్నారు అని అడుగుతాను.

ఒక ఆదివారం కత్తి తీసిన ప్రతిసారీ ఎందుకు తీశానో గుర్తుపెట్టుకున్నాను. ఎరువు బస్తా కుట్టు విప్పడానికి, టమాటా మొక్కలకు కట్టిన పురికొస తెంపడానికి, డ్రిప్ పైపు ముక్క కోయడానికి, కుండీలో చుట్టలు చుట్టుకుపోయిన వేళ్ల గడ్డకు నిలువునా నాలుగు గాట్లు పెట్టడానికి, వంకాయలు తొడిమతో సహా కోయడానికి, చివర్లో గులాబీ కొమ్మలు నాలుగు కటింగ్స్ కోసం, అంటే నాటి వేళ్లు పట్టించే ముక్కల కోసం. చూస్తే సగం పని ప్లాస్టిక్‌తో, మట్టితో, తాడుతో. మిగతా సగం ప్రాణమున్న మొక్కతో. ఒకే కత్తితో ఈ రెండూ చేస్తూ, గులాబీ కొమ్మ దగ్గరికి వచ్చేసరికి పదును పోయిందని కత్తిని తిట్టుకునేవాడిని. తప్పు కత్తిది కాదని తెలియడానికి చాలాకాలం పట్టింది.

మొదటిది నల్ల కోటింగ్, సగం అంచు రంపపు పళ్లతో ఉన్న లైనర్ లాక్ కత్తి. లైనర్ లాక్ అంటే పిడి లోపలి రేకు ఒకటి బ్లేడు వెనక్కి జరిగి, అది మూసుకోకుండా ఆపుతుంది. చూడ్డానికి బాగుంది, ఒంటిచేత్తో తెరుచుకుంటుంది. కానీ ఆ రేకు పక్కన సన్నని సందు ఉంటుంది కదా, మట్టి మొత్తం అందులోకే. నెల తిరగకముందే తెరిచినప్పుడల్లా కీలు దగ్గర కరకర చప్పుడు. ఒకరోజు బ్లేడు పూర్తిగా తెరుచుకున్నట్టే కనిపించింది, రేకు మాత్రం ఇసుక అడ్డుపడి సగం దాకానే వచ్చి ఆగింది. కొమ్మ మీద ఒత్తగానే బ్లేడు వెనక్కి మడుచుకుంది. చూపుడు వేలికి చిన్న గాటుతో బయటపడ్డాను. అప్పటి నుంచి ఏ లాక్ ఉన్న కత్తైనా తెరిచాక, పని మొదలుపెట్టే ముందు లాక్ పూర్తిగా పడిందా లేదా అని కళ్లతో చూస్తాను, మీరూ చూడండి.

ఆ రంపపు పళ్ల గురించి ఒక మాట. తాడుకి, ప్లాస్టిక్ బస్తాకి బ్రహ్మాండంగా పనిచేస్తాయి. పచ్చి కాండం మీద మాత్రం కోయవు, పీకుతాయి. పైగా మామూలు సానరాయి మీద వాటిని పదును పెట్టలేం. మొక్కల కోసం అయితే నున్నటి అంచు ఉన్నదే తీసుకోండి, సగం సగం రకం వద్దు.

రెండోది చెక్క పిడి, కార్బన్ స్టీల్. పదును విషయంలో ఈరోజుకీ దాన్ని మర్చిపోలేను, రాయి మీద పదిసార్లు లాగితే చాలు, కాగితం జారినట్టు తెగేది. టమాటా పాదుల దగ్గర ఒక పూట వాడితే బ్లేడు నీలం, బూడిద రంగు మచ్చలతో నిండిపోయేది. అది చెడ్డది కాదు, మొక్కల రసంలోని పులుపుకి కార్బన్ స్టీల్ మీద పట్టే పొర, ఎర్ర తుప్పుని కొంతవరకు ఆపుతుంది కూడా. అయితే తడి చేత్తో మూసి జేబులో వేసుకునే అలవాటు నాది. వానలో రెండు రోజులు పనిచేశాక పిడి ఉబ్బి బ్లేడుని పట్టేసింది, గోటితో ఎంత లాగినా రాలేదు. ఎండబెడితే మళ్లీ వచ్చింది. చివరికి దాన్ని పోగొట్టుకున్నది మాత్రం నా నిర్లక్ష్యం వల్లే. ఎక్కడో పెట్టి మర్చిపోయాను, నాలుగు నెలల తర్వాత కంపోస్టు కుప్ప తిరగేస్తుంటే పారకి తగిలింది. పిడి మెత్తబడిపోయింది, బ్లేడు మీద చిన్న చిన్న గుంటలు. చాలా బాధేసింది. గోధుమ రంగు పిడి ఎండుటాకుల్లో పడితే కనబడదు, ఆకుపచ్చ పిడైతే గడ్డిలో అసలు కనబడదు. ఇప్పుడున్న దానికి పిడి చివర చిన్న బెజ్జం వేసి ఎర్ర తాడు కట్టాను, ఈ ఐదేళ్లలో కనీసం ఆరేడు సార్లు ఆ తాడే దాన్ని పట్టిచ్చింది.

మూడోది చిలక ముక్కులా లోపలికి వంగిన బ్లేడు. కొమ్మలు కత్తిరించడానికి తోటమాలులు ఎప్పటినుంచో వాడే ఆకారమే ఇది. కొడవలిలాగే కొమ్మ ఆ వంపులో ఇరుక్కుని జారిపోదు, మన వైపుకి లాగితే తెగుతుంది. గుత్తులు కోయడానికి, ఎండిన తీగలు లాగి తెంపడానికి దీన్ని మించింది లేదు. ఇబ్బందులు రెండు. బొటనవేలిని ఆనించి లాగుతాం కాబట్టి కొమ్మ ఒక్కసారిగా తెగితే అంచు వేలి మీదకి వస్తుంది, అందుకని ఆ చేతికి తోలు గ్లౌజు తప్పనిసరి. ఇక లోపలి వంపుని చదును రాయి మీద సాన పట్టలేం, గుండ్రటి కడ్డీ కావాలి. నేను పెన్సిల్‌కి సన్నటి గరుకు కాగితం చుట్టి చేసేవాడిని, పని జరిగేది కానీ విసుగు. రోజంతా కొమ్మలు కొట్టే పని ఉన్నవాళ్లకి ఇది సరైనదే, అన్నిటికీ ఒక్కటే కత్తి అనుకునేవాళ్లకి కాదు.

ఇక ఒపినెల్. ఫ్రాన్స్‌లోని సవాయ్ ప్రాంతంలో 1890లో మొదలైన కత్తి ఇది. నంబరు పెరిగేకొద్దీ సైజు పెరుగుతుంది. 8వ నంబర్ బ్లేడు 8.5 సెంటీమీటర్లు, మొత్తం బరువు 45 గ్రాముల దగ్గర, జేబులో ఉందన్న సంగతే గుర్తుండదు. నంబర్ 10 బ్లేడు 10 సెంటీమీటర్లు, కొనే ముందు చేతిలో పట్టుకుని చూశాను, జేబుకి పెద్దదనిపించింది. బ్లేడు మీద కార్బోన్ అని ఉంటే కార్బన్ స్టీల్, ఇనాక్స్ అని ఉంటే స్టెయిన్‌లెస్. తడిలో పనిచేసి తుడవడం మర్చిపోయే నాలాంటివాళ్లకి ఇనాక్స్ మేలు. పదును కార్బన్ అంత తేలిగ్గా పట్టదు, కొంచెం ఎక్కువసేపు పడుతుంది, అంతే.

దీని లాక్ నాకు బాగా నచ్చింది. పిడి మెడ దగ్గర ఒక ఉంగరం ఉంటుంది, బ్లేడు తెరిచాక దాన్ని తిప్పితే బ్లేడు వెనక్కి రాదు. 1955 నుంచి ఉన్న ఏర్పాటు ఇది, 2000 నుంచి మూసినప్పుడు కూడా తిప్పి బిగించేలా మార్చారు. స్ప్రింగు లేదు, లోపల రేకు లేదు. ఉంగరం పూర్తిగా తిరిగిందో లేదో కంటికి కనిపిస్తుంది. ఒంటిచేత్తో తెరిచే కత్తి కావాలనుకునేవాళ్లకి మాత్రం ఇది కాదు, రెండో చెయ్యి కావాల్సిందే. చెక్క పిడి కాబట్టి నీళ్లలో నానబెట్టకూడదు. తడికి కాస్త బిగుసుకుంటే ఒక చిట్కా ఉంది: ఉంగరం తెరిచి, పిడి వెనక చివరని గట్టి చెక్క మీద టక్కున కొడితే బ్లేడు మొన కొద్దిగా పైకి వస్తుంది, అక్కడ పట్టుకుని తెరవడమే. సవాయ్ వాళ్ల దెబ్బ అనే పేరే ఉంది దానికి. నేను కొన్న మొదటి వారమే మెడ దగ్గరి సందులో మినరల్ ఆయిల్ పట్టించి రాత్రంతా వదిలేశాను. ఏడాదికోసారి మళ్లీ పట్టిస్తాను. వంట నూనె వాడకండి, కొన్నాళ్లకి జిగటగా మారి దుమ్ముని పట్టుకుంటుంది.

కానీ ఐదేళ్లు నిలవడానికి అసలు కారణం వేరే ఉంది. మడత కత్తిని మట్టికి తగలనివ్వడం మానేశాను. వేళ్ల గడ్డ కోయడానికి, కలుపు వేరు తవ్వడానికి, బస్తాలకి ఒక పాత పొట్టి వంటింటి కత్తి పెట్టుకున్నాను. దానికి కీలు లేదు, సందు లేదు, మట్టి పట్టినా నీళ్ల కింద పెడితే పోతుంది. మట్టిలో ఉండే ఇసుక రేణువులు అంచుని ఎలా తినేస్తాయో చూడాలంటే కొత్తగా పదును పెట్టిన కత్తితో కుండీ మట్టిలో నాలుగు గాట్లు పెట్టి, తర్వాత వెలుతురుకి అంచుని ఎత్తి పట్టుకోండి. పదునైన అంచు మీద వెలుతురు నిలవదు, అరిగినచోట తళుక్కుమని తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కలున్న చోటే కాండం నలుగుతుంది.

అది మొక్కకి ఎంత ముఖ్యమో గులాబీ కటింగ్స్‌లో స్పష్టంగా తెలుస్తుంది. పదునైన బ్లేడుతో కణుపు కింద ఏటవాలుగా ఒక్క లాగులో కోస్తే కోత తడి అద్దంలా మెరుస్తుంది, బెరడు అంచు ఎక్కడా లేవదు. మొద్దు కత్తితో కోస్తే బెరడు కొంచెం నలిగి, పీచులు వేలాడతాయి, రెండు మూడు రోజుల్లో ఆ నలిగిన చోటే గోధుమ రంగు తిరిగి కుళ్లు పైకి పాకుతుంది. నా దగ్గర కుళ్లిపోయిన కటింగ్స్‌లో ఎక్కువ భాగం ఆ మొదటి కత్తి కాలంలోవే.

అంటు కట్టడానికి మాత్రం ఒపినెల్ కూడా వాడను. దానికి వేరే అంటు కత్తి ఉంది, ఒక వైపే సాన పట్టి ఉంటుంది, రెండో వైపు పూర్తిగా చదును. ఆ చదును వైపు కొమ్మకి ఆనించి లాగితే కోత గీత గీసినంత తిన్నగా వస్తుంది, అప్పుడే రెండు కొమ్మల బెరడు కింది పచ్చ పొరలు సందు లేకుండా అతుక్కుంటాయి. ఎడమచేతి వాటం ఉన్నవాళ్లు కొనేటప్పుడు సాన ఏ వైపుందో చూసుకోవాలి, కుడిచేతి వాళ్ల కత్తి వాళ్లకి కోత లోతుకి లాక్కెళుతుంది. ఏడాదికి నాలుగు అంట్లు కూడా కట్టనివాళ్లు దీని మీద డబ్బులు పెట్టక్కర్లేదు.

సాన విషయం క్లుప్తంగా. వెయ్యి గ్రిట్ (రాయి గరుకుతనాన్ని చెప్పే అంకె) నీటి రాయి, అంటే నీళ్లతో తడిపి వాడే సానరాయి, ఒకటి చాలు, ఒక్కో వైపు 20 డిగ్రీల వాలు, రెండు వారాలకోసారి ఐదు నిమిషాలు. బాగా మొద్దుబారే దాకా ఆగితే ఆ ఐదు నిమిషాలు గంటవుతుంది.

శుభ్రం చేయడంలో నేను చాలాకాలం చేసిన తప్పు బ్లీచ్ వాడటం, స్టీల్‌ని గుంటలు పడేలా తింటుంది. ఇప్పుడు 70 శాతం ఆల్కహాల్‌తో తుడుస్తాను, తెగులు ఉన్న మొక్క తగిలితే ప్రతి కోతకీ తుడుస్తాను. అయితే పొగాకు మొజాయిక్ లాంటి వైరస్‌లు దానికి లొంగవు. అందుకే ఆకులు మచ్చలు పడి ముడుచుకుంటున్న టమాటా, మిరప మొక్కలుంటే వాటి జోలికి ఆ రోజు పనంతా అయ్యాకే వెళ్తాను, అదీ ఆ పాత వంటింటి కత్తితో. సాయంత్రం ఒపినెల్‌ని పాత టూత్‌బ్రష్‌తో కీలు దగ్గర రుద్ది, బట్టతో తుడిచి, రాత్రంతా తెరిచే ఉంచి, పిల్లలకి అందని అరలో పెడతాను. నెలకోసారి కీలులో ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె.

ఐదేళ్ల సానతో బ్లేడు వెడల్పు తగ్గింది, కొత్తదాని పక్కన పెడితే తేడా తెలుస్తుంది. మొన దగ్గర కొంచెం గుండ్రబడింది, నిజానికి అది కాయలు కోసేటప్పుడు పక్క కొమ్మకి గుచ్చుకోకుండా మేలే చేసింది. ఇంకో రెండు మూడేళ్లు వస్తుందనుకుంటున్నాను, ఆ తర్వాత మళ్లీ అదే నంబర్ 8 తీసుకుంటాను. ఎర్ర తాడు మాత్రం ఈసారి మొదటి రోజే కడతాను.