హాట్ మెల్ట్ గమ్‌కి సి5, సి9, హైడ్రోజనేటెడ్ రెజిన్లు: ఏడాది వాడాక మా అనుభవం

జీడిమెట్లలో మాది చిన్న హాట్ మెల్ట్ యూనిట్, అంటే వేడికి కరిగించి పూస్తే చల్లారాక అతుక్కునే గమ్ చేసేది. నోట్‌బుక్ బైండింగ్‌కి, అట్టపెట్టెలకి గమ్ చేస్తాం. ఈ గమ్‌లో ఈవీఏ (ఇథిలీన్ వినైల్ ఎసిటేట్ అనే ప్లాస్టిక్), రెజిన్, మైనం ఇంచుమించు సమంగా పడతాయి, అందులో జిగట ఇచ్చేది రెజినే, కాబట్టి అది తేడా చేస్తే బ్యాచ్ మొత్తం పోయినట్టే. ఏడాదిగా ఒకే డీలర్ దగ్గర మూడు రకాల రెజిన్ కొన్నాం.

ముందు సి5 గురించి, ఎందుకంటే మేం ఎక్కువ వాడేది అదే. నాఫ్తా అనే పెట్రోలియం ద్రవాన్ని వేడితో విడగొట్టేటప్పుడు (క్రాకింగ్) వచ్చే ఐదు కార్బన్ల భాగం నుంచి చేస్తారు, లేత పసుపు గుళికలు, సాఫ్టెనింగ్ పాయింట్ (మెత్తబడే వేడి) 100 డిగ్రీల దగ్గర ఉన్నది తీసుకుంటాం. బైండింగ్ గమ్‌లో బాగా కలుస్తుంది, వాసన తక్కువ. సహజ రబ్బరుతో, ఎస్‌ఐఎస్ అనే కృత్రిమ రబ్బరుతో టేపులు చేసేవాళ్లకి కూడా సరిపోయేది ఇదే.

తొమ్మిది కార్బన్ల భాగం నుంచి చేసే సి9 చవక. ముదురు తేనె రంగు, బస్తా విప్పగానే ఘాటు వాసన. చవకని చెప్పి 18 శాతం వినైల్ ఎసిటేట్ ఉన్న ఈవీఏలో వేశాం. వేడి మీద బాగానే కనిపించింది కానీ చల్లారాక పాలలా తెల్లబడింది, వంచితే పెళుక్కున విరిగింది. అదే రెజిన్ 28 శాతం వినైల్ ఎసిటేట్ ఉన్న ఈవీఏలో చక్కగా కలిసింది, అంటే సరుకు చెడ్డది కాదు, జత కుదరాలి. ఎస్‌బీఆర్ రబ్బరుతో చెప్పుల సొల్యూషన్ చేసేవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది.

హైడ్రోజనేటెడ్ రకం, అంటే హైడ్రోజన్ పట్టించిన రెజిన్, నీళ్లలా తేటగా ఉంటుంది, వాసనే ఉండదు. డైపర్లు, శానిటరీ ప్యాడ్ల గమ్‌లో వాడేది ఇలాంటిదే. మూడింటినీ మూడు స్టీలు గ్లాసుల్లో పోసి 170 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఉంచాం. పొద్దున చూస్తే సి9 కాఫీ డికాషన్‌లా అయింది, సి5 బెల్లం పాకం రంగుకి వచ్చింది, హైడ్రోజనేటెడ్ మాత్రం కాస్త పసుపు తిరిగిందంతే. రేటు చూస్తే మాత్రం నోట్‌బుక్కులకి గిట్టుబాటు కాదు.

ఇక డీలర్ సంగతి. సరుకు టైముకి వస్తుంది, ఫోన్ ఎత్తుతారు, అది నిజం. కానీ మే నెలలో వచ్చిన 25 కిలోల బస్తాలు రేకుల షెడ్డులో ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంచినవి, లోపల గుళికలన్నీ అతుక్కుని బండలా తయారయ్యాయి, మా కుర్రాళ్లు సుత్తితో కొట్టి గమ్ కరిగించే కెటిల్‌లో వేయాల్సి వచ్చింది. అంతకంటే పెద్ద దెబ్బ ఇంకొకటి: ఒక లాట్‌కి టెస్ట్ సర్టిఫికెట్ పంపలేదు, అర్జెంటు ఆర్డరని అలాగే వాడేశాం. గమ్ ఆరడానికి ఎక్కువ టైం తీసుకుంది, బైండింగ్ చేసిన పుస్తకాలు కటింగ్ దగ్గరే వెన్ను విడిపోయాయి. తర్వాత సాఫ్టెనింగ్ పాయింట్ కొలిచే రింగ్ అండ్ బాల్ టెస్ట్ చేయిస్తే 100 ఉండాల్సింది 91 వచ్చింది. కస్టమర్‌కి సరుకంతా తిరిగి చేసిచ్చాం, డీలర్ ఒక్క బస్తా కూడా మార్చలేదు.

సి5 సరుకుకి 5కి 4 ఇస్తాను, డీలర్‌కి 2. కొనేవాళ్లు లాట్ నంబరున్న సర్టిఫికెట్ చేతికొచ్చాకే డబ్బు కట్టండి, ఎండాకాలంలో బస్తా అక్కడే విప్పించి చెయ్యి పెట్టి చూడండి.